వాక్యాలన్నీ నిజమైనప్పుడు వాదన ఎందుకు చెల్లదు? రెండు తర్కాలు కలిపి చదువుతుంటే వచ్చిన సందేహం

తత్త్వవిద్యార్థిని:

అందరికీ నమస్కారం. నేను దూరవిద్య ద్వారా తత్త్వశాస్త్రంలో ఎం.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నాను. డిగ్రీలో నాది తెలుగు సాహిత్యం కాబట్టి తర్కశాస్త్రంతో నాకు పరిచయం ఈ రెండేళ్లలో ఏర్పడినదే. పాశ్చాత్య తర్కం ఒక పేపరుగా, భారతీయ తర్కమైన న్యాయదర్శనం మరొక పేపరుగా ఉన్నాయి. రెండింటినీ ఒకేసారి చదవడం వల్ల ఒక చిక్కులో పడ్డాను. దానిని కొంచెం వివరంగానే రాస్తున్నాను, దయచేసి ఓపికతో చదవండి.

ఒక అభ్యాసపత్రంలో చెల్లుబాటయ్యే వాదనకు సొంత ఉదాహరణ ఇవ్వమన్నారు. నేను ఇలా రాశాను: "బంగాళాఖాతంలో కలిసే నదుల్లో కొన్ని మహారాష్ట్రలో పుట్టాయి. గోదావరి బంగాళాఖాతంలో కలుస్తుంది. కాబట్టి గోదావరి మహారాష్ట్రలో పుట్టింది." మూడు వాక్యాల్లో ఏ ఒక్కటీ అబద్ధం కాదు. అయినా దిద్దినవారు దీనిని కొట్టివేసి, పక్కన "చెల్లదు" అని ఒక్క మాట రాసి వదిలేశారు. తరగతిలో ఇచ్చిన నమూనా మాత్రం ఇలా ఉంది: "నదులన్నీ అరేబియా సముద్రంలో కలుస్తాయి. పెన్న ఒక నది. కాబట్టి పెన్న అరేబియా సముద్రంలో కలుస్తుంది." ఇది చెల్లే వాదన అట. నేను నెల్లూరు జిల్లాలో పుట్టి పెరిగినదాన్ని, పెన్న ఏ సముద్రంలో కలుస్తుందో చిన్నప్పటి నుంచి చూస్తున్నదాన్ని. అబద్ధంతో మొదలై అబద్ధంతో ముగిసిన వాదన చెల్లుతుందని, నిజంతో మొదలై నిజంతో ముగిసిన వాదన చెల్లదని చెబితే మనసు ఒప్పుకోవడం లేదు.

ఇంతలో రెండో పేపరులో న్యాయదర్శనానికి ప్రవేశగ్రంథమైన అన్నంభట్టు తర్కసంగ్రహం మొదలైంది. అక్కడ బాధితం అనే హేత్వాభాసకు (అంటే సరైనదిగా కనబడే దోషమున్న హేతువుకు) "అగ్ని వేడిగా ఉండదు, ద్రవ్యం కాబట్టి, నీటిలాగా" అన్నది ఉదాహరణ. అగ్ని వేడిగా ఉంటుందని ముట్టుకుంటేనే తెలుస్తుంది కనుక ఈ హేతువు దుష్టమైనదని చెప్పారు. కానీ దీనినే "ద్రవ్యాలన్నీ వేడి లేనివి, అగ్ని ద్రవ్యం, కాబట్టి అగ్ని వేడి లేనిది" అని మొదటి పేపరు పద్ధతిలో రాస్తే అది పెన్న వాదన లాగానే చెల్లుతుంది కదా. ఒకే వాదన ఒక పేపరులో చెల్లుతుందని, మరొక పేపరులో దోషమని రాయవలసి వస్తే, ఈ రెండు శాస్త్రాలూ ఒకదానినొకటి ఖండించుకుంటున్నట్టేనా? పరీక్ష కోసం దోషాల పేర్ల పట్టికను కంఠస్థం చేయడం పెద్ద పని కాదు, కానీ ఈ మూలప్రశ్న తేలకుండా ఆ పేర్లు పట్టుకుని ఏం చేయాలో తెలియడం లేదు.

విశ్రాంత అధ్యాపకుడు:

అమ్మా, మీ వాదనలో ఒక్క పేరు మార్చి చూడండి. గోదావరి అన్న రెండు చోట్లా పెన్న అని పెట్టండి. "బంగాళాఖాతంలో కలిసే నదుల్లో కొన్ని మహారాష్ట్రలో పుట్టాయి. పెన్న బంగాళాఖాతంలో కలుస్తుంది. కాబట్టి పెన్న మహారాష్ట్రలో పుట్టింది." మొదటి రెండు వాక్యాలూ నిజమే. మూడోది అబద్ధం, ఎందుకంటే పెన్న పుట్టింది కర్ణాటకలోని నంది కొండల్లో. వాదన అల్లిక ఏమీ మారలేదు, మారినది పేరు ఒక్కటే. ఆ అల్లిక నిజాల నుంచి అబద్ధానికి కూడా తీసుకుపోగలదని తేలిపోయింది కాబట్టి, గోదావరి విషయంలో మీరు నిజానికి చేరడం ఆ అల్లిక వల్ల జరిగినది కాదు. గోదావరి నాసిక్ జిల్లాలో త్ర్యంబకేశ్వరం దగ్గర పుట్టిందని మీకు ముందే తెలుసు, ఆ తెలిసిన సంగతే ముగింపును నిలబెట్టింది తప్ప, మీ ఆధారవాక్యాలు నిలబెట్టలేదు.

చెల్లుబాటు అంటే ఇంతే: ఆధారవాక్యాలు నిజమై ఉండి ముగింపు మాత్రం అబద్ధమయ్యే అవకాశం ఎక్కడా లేకపోవడం. ఆధారవాక్యాలు నిజమా కాదా అన్నది ఈ నిర్వచనం అడగనే అడగదు. అవి నిజమైతే ముగింపు గతి ఏమిటన్నదే అడుగుతుంది. పెన్న, అరేబియా సముద్రం ఉన్న నమూనాను ఇప్పుడు చూడండి. నదులన్నీ అరేబియా సముద్రంలోనే కలిసే లోకం ఒకటి ఉందనుకుంటే, అక్కడ పెన్న నది అయి ఉండి మరొక సముద్రంలో కలవడం కుదరదు. అందుకే అది చెల్లుతుంది. చెల్లడంతో పాటు ఆధారవాక్యాలన్నీ నిజమైతే దానిని దృఢమైన వాదన అంటాం. నమూనా వాదన చెల్లుతుంది, దృఢమైనది కాదు. మీది చెల్లనే చెల్లదు. తెలుగులో చెల్లుబాటు అనే మాటను నోటుకో ఉత్తర్వుకో వాడుతున్నప్పుడు అంగీకారం అనే అర్థం కూడా కలిసి వస్తుంది కాబట్టి, వాదన చెల్లుతుందని అనగానే దానిని ఒప్పుకున్నట్టు వినబడుతుంది. మీ మనసు ఒప్పుకోకపోవడానికి సగం కారణం ఈ మాటేనని నాకనిపిస్తుంది.

మీ జవాబును సరిచేయాలంటే ఎంతో దూరం వెళ్లనక్కరలేదు. "నాసిక్ జిల్లాలో పుట్టిన నదులన్నీ మహారాష్ట్రలో పుట్టినవే. గోదావరి నాసిక్ జిల్లాలో పుట్టింది. కాబట్టి గోదావరి మహారాష్ట్రలో పుట్టింది." ఇది చెల్లుతుంది, దృఢంగానూ ఉంది. మీరు రాసినదానిలో రెండు ఆధారవాక్యాలనూ కలపవలసిన మధ్యపదం "బంగాళాఖాతంలో కలిసే నదులు". ఆ నదులన్నింటి గురించీ మీ వాక్యాల్లో ఏ ఒక్కటీ మాట్లాడలేదు. మొదటి వాక్యం వాటిలో కొన్నింటిని తాకింది, రెండోది ఒక్కదానిని తాకింది. ఆ ఒక్కటి ఆ కొన్నింటిలో ఉందని ఎవరు హామీ ఇచ్చారు? పుస్తకాల్లో దీనిని మధ్యపదం వ్యాప్తి కాని దోషమని రాస్తారు.

షరతు వాక్యాల దగ్గర విద్యార్థులు ఇంకా ఎక్కువగా తడబడతారు కనుక ఆ సంగతి కూడా చెబుతాను. భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండోది, 53 అడుగులకు మూడోది జారీ చేస్తారు. "మట్టం 53 దాటితే 43 దాటినట్టే" అన్న షరతు వాక్యాన్ని తీసుకోండి. 53 దాటిందంటే 43 దాటిందని చెప్పడం చెల్లుతుంది, దీనినే మోడస్ పోనెన్స్ అంటారు. 43 దాటలేదంటే 53 దాటలేదని చెప్పడం కూడా చెల్లుతుంది, అది మోడస్ టోలెన్స్. కానీ 43 దాటింది కాబట్టి 53 దాటిందని ఎవరైనా అంటే ఊరంతా అనవసరంగా ఖాళీ అవుతుంది. 53 దాటలేదు కాబట్టి 43 కూడా దాటలేదని అంటే మొదటి హెచ్చరికను పట్టించుకోకుండా ఏటి ఒడ్డునే ఉండిపోతారు. మొదటిది ఉత్తరాంగాన్ని (షరతు ఫలితాన్ని) అంగీకరించి పూర్వాంగాన్ని (షరతును) రాబట్టే దోషం, రెండోది పూర్వాంగాన్ని నిరాకరించి ఉత్తరాంగాన్ని నిరాకరించే దోషం. ఇలాంటి అంకెల ఉదాహరణ ఒకటి మనసులో ఉంచుకుంటే పేర్లు మరచిపోయినా దోషం దొరికిపోతుంది.

ఈ దోషాలకు మన భాష కూడా కొంత అవకాశం ఇస్తుందని నేను చాలాకాలంగా గమనిస్తున్నాను. "అన్నం తింటే ఆడుకోవడానికి పంపుతాను" అని తల్లి అన్నప్పుడు, తినకపోతే పంపదనే పిల్లవాడు అర్థం చేసుకుంటాడు, తల్లి ఉద్దేశం కూడా అదే. కానీ ఆ వాక్యం తినకపోతే ఏమవుతుందో చెప్పలేదు. అది చెప్పేది "తింటేనే పంపుతాను" అన్న వాక్యం. చివర చేరిన ఆ "నే" షరతును తిప్పివేస్తుంది: "టిక్కెట్టు ఉంటే లోపలికి పంపుతారు" అన్నప్పుడు టిక్కెట్టు ఒక్కటీ చాలు, "టిక్కెట్టు ఉంటేనే పంపుతారు" అన్నప్పుడు టిక్కెట్టు తప్పనిసరి, కానీ అది ఒక్కటే చాలునని హామీ లేదు. వాడుకలో "తే" అని పలికి "తేనే" అని వినే అలవాటు మనకు ఉండటం వల్ల, పూర్వాంగాన్ని నిరాకరించే దోషం తెలుగు విద్యార్థికి సహజమైన ఆలోచన లాగానే తోస్తుంది. సమస్యను విప్పేముందు ప్రతి షరతు వాక్యాన్నీ "తే" కావాలా "తేనే" కావాలా అని అడిగి తిరిగి రాసుకోండి.

అలాగే "విద్యార్థులందరూ రాలేదు" అంటే ఒక్కరూ రాలేదనా, కొందరైనా రాలేదనా? రెండు విధాలుగానూ వాడతాం. మొదటిది "అందరూ వచ్చారు" అన్నదానికి విపరీతం, రెండోది వ్యాఘాతం. విపరీతాలు రెండూ కలిసి అబద్ధం కావచ్చు, వ్యాఘాతంలో ఒకటి నిజమైతే రెండోది అబద్ధం, ఒకటి అబద్ధమైతే రెండోది నిజం కాక తప్పదు. "కొన్ని" అన్న మాట కూడా వాడుకలో "అన్నీ కావు" అనే సూచనతో వస్తుంది, తర్కంలో మాత్రం "కనీసం ఒకటి" అని మాత్రమే దాని అర్థం. వాక్యాల మధ్య ఇలాంటి వైరుధ్యాలను చూపే చతురస్ర పట్టికను వేసేటప్పుడు జరిగే పొరపాట్లలో చాలా భాగం ఇక్కడే పుడతాయి.

తర్కసంగ్రహం గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఈ వేదికలో ఉన్నారు కాబట్టి ఆ భాగాన్ని వారికి విడిచిపెడుతున్నాను.

శాస్త్రపాఠి:

అధ్యాపకులవారు చెప్పినదానికి అడ్డు రాకుండా, రెండో ప్రశ్న వరకు జవాబు చెప్పడానికి ప్రయత్నిస్తాను. నేను గురువుగారి దగ్గర కూర్చుని తర్కసంగ్రహాన్ని దాని వ్యాఖ్య అయిన దీపికతో సహా చదువుకున్నవాడిని, పాశ్చాత్య తర్కం తరువాత సొంతంగా చదివాను. మీరు పడిన చిక్కులో నేనూ చాలాకాలం ఉన్నాను.

మీ గోదావరి వాదనను ముందు మన పద్ధతిలో పెట్టి చూద్దాం. గోదావరి పక్షం (దేని గురించి నిరూపిస్తున్నామో అది), మహారాష్ట్రలో పుట్టడం సాధ్యం (నిరూపించవలసినది), బంగాళాఖాతంలో కలవడం హేతువు (కారణంగా చూపేది), కృష్ణ దృష్టాంతం (తెలిసిన ఉదాహరణ). కృష్ణ మహాబలేశ్వరం దగ్గర పుట్టి బంగాళాఖాతంలో కలుస్తుంది కనుక హేతువూ సాధ్యమూ రెండూ ఉన్న సపక్షమే. కానీ పెన్న ఉంది. పెన్నలో సాధ్యం లేదు, హేతువు ఉంది. సాధ్యం లేనిచోట కూడా హేతువు కనబడితే దానిని సవ్యభిచారమంటాం, అందులోనూ ఇది సాధారణ అనైకాంతికం, అంటే సాధ్యం ఉన్నచోటా లేనిచోటా ఉండే హేతువు. "పర్వతో వహ్నిమాన్, ప్రమేయత్వాత్" అన్న గ్రంథంలోని ఉదాహరణ ఇదే కోవకు చెందినది: కొండ తెలుసుకోదగినది కాబట్టి నిప్పు కలదంటే, తెలుసుకోదగిన చెరువులో నిప్పు లేదు కదా. అధ్యాపకులవారు "మధ్యపదం" అని ఏ లోపాన్ని చూపారో, అన్నంభట్టు చెరువును చూపి ఎత్తిపొడిచిన లోపమూ అదే. రెండు పేపర్లూ ఇక్కడ ఒకే పెన్న దగ్గర కలుసుకుంటున్నాయి.

ఇక బాధితం సంగతి. న్యాయశాస్త్రంలో అనుమానం ఒక ప్రమాణం, అంటే యథార్థమైన జ్ఞానాన్ని పుట్టించే సాధనం. ఆధారవాక్యాలు నిజమో కాదో పక్కన పెట్టి అల్లికను మాత్రమే పరీక్షిద్దామనే విభజన మనవారు ప్రత్యేకంగా చేయలేదు, ఎందుకంటే వారి ప్రశ్న వేరు. ఈ హేతువును చూసినవాడికి సాధ్యం గురించి నిజమైన జ్ఞానం కలుగుతుందా అన్నది వారి ప్రశ్న. పొగ నుంచి నిప్పును ఇతరులకు నిరూపించే పరార్థానుమానంలో ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అనే అయిదు అవయవాలు ఉంటాయి. వాటిలో ఉదాహరణ, "ఎక్కడెక్కడ పొగ ఉంటుందో అక్కడక్కడ నిప్పు ఉంటుంది, వంటింట్లో లాగా" అని వ్యాప్తిని, అంటే హేతువు ఉన్న ప్రతిచోటా సాధ్యం ఉంటుందనే సంబంధాన్ని, ఒక తెలిసిన చోటుతో కలిపి చెబుతుంది. అంటే వాదన లోపలే సత్యం గురించిన ఒక పూచీ ఉంది. హేత్వాభాస అంటే తెలిసిన వెంటనే అనుమితి (అనుమానం వల్ల కలిగే జ్ఞానం) పుట్టకుండా అడ్డుపడేది. అగ్ని వేడిగా ఉండటం ప్రత్యక్షంగా తెలిసినవాడికి "అగ్ని వేడిగా ఉండదు" అన్న అనుమితి ఎంత ప్రయత్నించినా పుట్టదు. ఆ అడ్డుకే బాధమని పేరు.

కాబట్టి రెండు శాస్త్రాలూ ఒకదానినొకటి ఖండించుకోవడం లేదు, వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నాయి. పాశ్చాత్య పద్ధతిలో "ద్రవ్యాలన్నీ వేడి లేనివి" అన్న వాదన చెల్లుతుందని ఒప్పుకోగానే మరొక పని మిగిలి ఉంటుంది: ముగింపు అబద్ధమని తెలుసు కనుక, చెల్లే వాదనలో కనీసం ఒక ఆధారవాక్యం అబద్ధమై తీరాలి. అగ్ని ద్రవ్యమన్నది ఇద్దరూ ఒప్పుకున్నదే కాబట్టి తప్పు "ద్రవ్యాలన్నీ" అన్న వాక్యంలో ఉంది. నైయాయికుడు (న్యాయశాస్త్రజ్ఞుడు) కూడా ఆ వ్యాప్తి అగ్ని దగ్గరే విరిగిపోయిందని చూపిస్తాడు. తేడా ఏమిటంటే, మొదటి పద్ధతి అల్లిక తప్పును, వాక్యం తప్పును రెండు ఖాతాల్లో రాస్తుంది, రెండో పద్ధతి రెండింటినీ హేతువు ఖాతాలోనే రాస్తుంది. మీ జవాబులో "పాశ్చాత్య తర్కం ప్రకారం చెల్లుతుంది, దృఢమైనది కాదు, న్యాయం ప్రకారం హేతువు బాధితం" అని రెండు వాక్యాలు రాస్తే ఏ పరీక్షకుడూ తప్పు పట్టడు.

నిజమైన తేడా ఉన్న చోటు మరొకటి ఉంది, నాకు చాలా ఇష్టమైన చోటు కూడా అదే. "గగనారవిందం సురభి, అరవిందత్వాత్" అన్నది ఆశ్రయాసిద్ధానికి ఉదాహరణ. ఆకాశంలో పూసిన తామర సువాసన గలది, తామర కాబట్టి, చెరువులోని తామరలాగా. ఇక్కడ పక్షమే లేదు కనుక వాదన పుట్టనే పుట్టదంటారు నైయాయికులు. ఆధునిక తర్కంలో అయితే ఆకాశ తామరలు ఒక్కటీ లేవు కనుక "ఆకాశ తామరలన్నీ సువాసన గలవి" అన్న వాక్యం రిక్తంగా నిజమవుతుంది, "ఆకాశ తామరలన్నీ సువాసన లేనివి" అన్నది కూడా అలాగే నిజమవుతుంది. అరిస్టాటిల్ సంప్రదాయం ఈ విషయంలో ఆధునికుల కంటే అన్నంభట్టుకే దగ్గరగా ఉంది. పదం చెప్పే వస్తువు లోకంలో ఉండాలన్న పట్టుదల ఉన్నచోట ఒక విధమైన తర్కం, ఆ పట్టుదలను వదిలినచోట మరొక విధమైన తర్కం వస్తాయి. ఈ ఒక్క విషయం మీద మీరు ఒక పుట రాయగలిగితే రెండు పేపర్లూ మీకు వచ్చినట్టే.

మాటల విషయంలో ఒక హెచ్చరిక. మన వాడుకలో అనుమానం అంటే సందేహం, శాస్త్రంలో అది నిశ్చయాన్ని కలిగించే ప్రమాణం. వాడుకలో విపక్షం అంటే ఎదుటి పార్టీ, శాస్త్రంలో సాధ్యం లేదని నిశ్చయంగా తెలిసిన చోటు. ఉపాధి అంటే వాడుకలో బతుకుతెరువు, శాస్త్రంలో వ్యాప్తిని చాటుగా చెడగొట్టే అదనపు షరతు. "కొండ పొగ కలది, నిప్పు ఉంది కాబట్టి" అన్న వాదనలో తడి కట్టెలు ఉపాధి: పొగ ఉన్న ప్రతిచోటా తడి కట్టె ఉంటుంది, కానీ నిప్పు ఉన్న ప్రతిచోటా ఉండదు. కమ్మరి కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుప ముద్దలో నిప్పు ఉంది, పొగ లేదు. తర్కం అన్న మాట కూడా అంతే. మనం మొత్తం శాస్త్రానికి పేరుగా వాడుతున్న ఆ మాటను అన్నంభట్టు సంశయం, విపర్యయం (ఒకదానిని మరొకటిగా భ్రమపడటం) పక్కన అయథార్థ అనుభవాల్లో మూడోదిగా లెక్కించాడు. "నిప్పే లేకపోతే పొగ కూడా ఉండేది కాదు" అని ఎదుటి పక్షాన్ని తాత్కాలికంగా ఆరోపించి ఆలోచించడమే అతడి దృష్టిలో తర్కం, అది ప్రమాణానికి సాయపడుతుంది తప్ప తానే ప్రమాణం కాదు. 17వ శతాబ్దంలో బాలుర కోసం ఇంత చిన్న గ్రంథాన్ని రాసిన అన్నంభట్టు ఆంధ్రుడు. "కాశీగమనమాత్రేణ నాన్నంభట్టాయతే ద్విజః", అంటే కాశీకి వెళ్లినంత మాత్రాన ఎవరూ అన్నంభట్టు అయిపోరని పండితులు నేటికీ అంటారు.

జిల్లా కోర్టు న్యాయవాది:

పేర్ల పట్టిక గురించి మీరు చివర అడిగిన మాటకు నా అనుభవం నుంచి కొంత చెప్పాలనిపించింది. రూపదోషాలకు, అంటే వాదన అల్లికలోని దోషాలకు, పెన్న వంటి ప్రత్యుదాహరణ ఒకటి దొరికితే చాలు. సందర్భం మీద ఆధారపడిన దోషాలకు ఆ సౌకర్యం లేదు. అక్కడ పేరు పట్టుకుని ఎదుటివారి వాదన మీద అతికించడం చాలా ప్రమాదకరం.

వ్యక్తిని దూషించి వాదనను తోసిపుచ్చడం దోషమని చదువుకుంటారు. నిజమే. కానీ కోర్టులో సాక్షి గతంలో ఇందుకు విరుద్ధంగా చెప్పాడనో, లంచం తీసుకున్నాడనో చూపించి అతడి విశ్వసనీయతను ప్రశ్నించడానికి 2024 వరకు అమల్లో ఉన్న 1872 సాక్ష్య చట్టంలోని 155వ సెక్షను అనుమతి ఇచ్చింది. ఇందులో దోషమేమీ లేదు. సాక్షి మాట మీద మనకున్న నమ్మకం అతడి మీద నమ్మకంతోనే నిలుస్తుంది కాబట్టి అతడిని పరీక్షించడం విషయాంతరం కాదు. అదే సాక్షి తన మాటగా కాక ఒక వాదనను ముందు పెట్టి, అందులోని ఆధారవాక్యాలను మనమే పరీక్షించుకోగలిగితే, అప్పుడు అతడి చరిత్ర అప్రస్తుతం. "ఆప్తోపదేశః శబ్దః" (నమ్మదగినవాడి మాటే శబ్దప్రమాణం) అన్న న్యాయసూత్రం కూడా ఇదే తేడాను గుర్తించిందని నేను అనుకుంటున్నాను: శబ్దప్రమాణంలో చెప్పేవాడు ఆప్తుడా కాదా అన్నది ముఖ్యం, అనుమానంలో హేతువు ముఖ్యం. ఇంకొక సంగతి, వ్యక్తిని దూషించే ఈ దోషానికి నేడు వాడే పేరు ఆడ్ హోమినెమ్, కానీ 1690లో వచ్చిన తన గ్రంథంలో ఆంగ్ల తత్త్వవేత్త జాన్ లాక్ ఆ పేరుతో అన్నది తిట్టును కాదు. ఎదుటివాడు ఇప్పటికే ఒప్పుకున్న సూత్రాల నుంచే ఫలితాలు రాబట్టి అతడిని ఒత్తిడి చేయడాన్ని ఆ పేరుతో పిలిచాడు.

"లేదని నిరూపించలేదు కాబట్టి ఉంది" అనే అజ్ఞానం మీది వాదన సంగతి కూడా ఇలాగే ఉంటుంది. నేరం రుజువు కాలేదు కాబట్టి ముద్దాయిని విడుదల చేయడం దోషం కాదు, ఎందుకంటే రుజువు చేసే భారం ఆరోపించినవారిదని చట్టం ముందే నిర్ణయించింది, తీర్పు ఆ నిర్ణయం నుంచి వచ్చింది. విడుదలయ్యాడు కాబట్టి అతడు ఆ పని చేయలేదని నిశ్చయంగా తేలిందని బయటకు వచ్చి అనడం మాత్రం దోషమే. నా దగ్గరకు వచ్చే కక్షిదారులకు ఈ రెండింటి తేడా చెప్పడం ఎప్పుడూ కష్టమవుతూనే ఉంటుంది.

ఎదుటివాడు అనని మాటను అతడికి అంటగట్టి ఖండించే దోషానికి న్యాయసూత్రాల కర్త గౌతముడు ఛలమని పేరు పెట్టాడు. "నవకంబలోఽయం" అని ఒకడు కొత్త కంబళి కప్పుకున్నవాడిని చూపితే, వినేవాడు నవ అంటే తొమ్మిది అని తీసుకుని "వీడి దగ్గర తొమ్మిది కంబళ్లు ఎక్కడున్నాయి, ఒక్కటే కదా" అంటాడు. ఇది వాక్ఛలం. క్రాస్ ఎగ్జామినేషన్‌లో దీనిని నేను వారానికి ఒకసారైనా వింటాను. ఒకదాని తరువాత మరొకటి జరిగింది కాబట్టి మొదటిదే కారణమనుకునే పొరపాటును గుర్తుంచుకోవడానికి, కాకి వాలడమూ తాటిపండు రాలడమూ ఒకేసారి జరిగిన కాకతాళీయాన్ని మించిన ఉదాహరణ నాకు తెలియదు. నిరూపించవలసినదాన్నే ఆధారంగా తీసుకోవడం ఆత్మాశ్రయం, రెండు విషయాలు ఒకదానికొకటి ఆధారమని చెప్పడం అన్యోన్యాశ్రయం. దస్తావేజు నిజమైనదని సాక్షి చెబుతున్నాడు, సాక్షి నిజం చెబుతున్నాడని దస్తావేజు చెబుతోంది అన్న కేసును నేనే ఒకసారి ఎదుర్కొన్నాను.

కాబట్టి పేరు చెప్పేముందు, ఆధారవాక్యం ఏది, ముగింపు ఏది, రెండింటి మధ్య తెగిన చోటు ఏది అని మూడు వాక్యాల్లో రాయండి. అవి రాయలేకపోతే పేరు కూడా రాయకండి.

తత్త్వవిద్యార్థిని:

ముగ్గురికీ నా కృతజ్ఞతలు. పెన్న పేరు పెట్టి చూసినప్పుడు నాకు విషయం ఒక్కసారిగా తెలిసింది. "తే", "తేనే" తేడా ఇన్నాళ్లూ వ్యాకరణంగా మాత్రమే చదివాను, అది తర్కమని ఎన్నడూ తోచలేదు. శాస్త్రపాఠిగారి వివరణ చదివిన తరువాత నేను ఒక ప్రయత్నం చేశాను, తప్పైతే దిద్దండి.

పొగ, నిప్పు వాదనలో దృష్టాంతం వంటిల్లు కదా. మా వంటింట్లో గ్యాస్ పొయ్యి ఉంది. దాని మీద మంట ఉంటుంది, పొగ మాత్రం ఉండదు. అంటే నేటి వంటిల్లు ఈ వ్యాప్తికి ప్రత్యుదాహరణ అవుతుంది కాబట్టి, "పర్వతో వహ్నిమాన్ ధూమాత్" (పొగ ఉంది కాబట్టి కొండ మీద నిప్పు ఉంది) అన్న ప్రసిద్ధ అనుమానం కూడా ఈ కాలంలో సవ్యభిచారమే అవుతుందని నేను అనుకుంటున్నాను. ఇది సరైనదేనా?

శాస్త్రపాఠి:

ప్రయత్నం చేసినందుకు చాలా సంతోషం, కానీ ఇది సరి కాదు. మీరు ఏ దిశలో వెళ్తున్నారో ఒకసారి చూసుకోండి. వ్యాప్తి "పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది" అన్నది. దానిని విరగ్గొట్టాలంటే పొగ ఉండి నిప్పు లేని చోటు చూపాలి. మీరు చూపినది నిప్పు ఉండి పొగ లేని చోటు. అది విరగ్గొట్టేది "నిప్పు ఉన్నచోట పొగ ఉంటుంది" అన్న తిరగేసిన వాక్యాన్ని. ఆ వాక్యాన్ని ఉపాధి చెప్పేటప్పుడు కొలిమిలోని ఇనుప ముద్ద ఎప్పుడో విరగ్గొట్టింది. మీ గ్యాస్ పొయ్యి ఆ ఇనుప ముద్దకు తోడుగా నిలుస్తుంది తప్ప పర్వతానుమానానికి హాని చేయదు. అధ్యాపకులవారు భద్రాచలం అంకెలతో హెచ్చరించిన పొరపాటే ఇక్కడ వేషం మార్చుకుని వచ్చింది: షరతును తిరగేసి, తిరగేసినదాన్ని ఖండించి, అసలుదాన్ని ఖండించినట్టు భావించారు. మీ వంటిల్లు దృష్టాంతంగా పనికిరాదన్నది మాత్రం నిజం, ఎందుకంటే అందులో పొగే లేదు. అయితే మంచి దృష్టాంతం కాకపోవడం వేరు, ప్రత్యుదాహరణ కావడం వేరు. కట్టెల పొయ్యి ఉన్న వంటిల్లు ఇప్పటికీ దృష్టాంతమే.

నిప్పు ఆరిపోయిన తరువాత కూడా కాసేపు పొగ మిగిలి ఉంటుంది కదా అని మీరు అడిగి ఉంటే అది నిజమైన అభ్యంతరమయ్యేది. పాత నైయాయికులకు ఆ సంగతి తెలుసు. అందుకే హేతువుగా తీసుకునే పొగ మొదలు తెగకుండా కింది నుంచి ఎడతెగక లేస్తున్నదై ఉండాలని, అవిచ్ఛిన్నమూలం అనే విశేషణాన్ని చేర్చారు.

మీకు ఒక అభ్యాసం ఇస్తాను. చలికాలంలో తెల్లవారుజామున అరకు వైపు వెళ్తూ ఒకరు కొండ మీది మంచును చూసి, పొగ అనుకుని, "అక్కడ నిప్పు ఉంది" అన్నారనుకోండి. దోషం ఎక్కడ ఉంది, రెండు పద్ధతుల్లోనూ ఏమని రాస్తారు?

తత్త్వవిద్యార్థిని:

ఈసారి మూడు వాక్యాలు రాసిన తరువాతే పేరు రాస్తున్నాను. ఆధారం "ఆ కొండ మీద పొగ ఉంది" అన్నది, ముగింపు "నిప్పు ఉంది" అన్నది, తెగిన చోటు ఆధారంలోనే ఉంది, ఎందుకంటే అక్కడ ఉన్నది మంచు. పొగకూ నిప్పుకూ ఉన్న వ్యాప్తికి ఏ హానీ లేదు. హేతువు పక్షంలో లేదు కనుక న్యాయం ప్రకారం ఇది స్వరూపాసిద్ధం. పాశ్చాత్య పద్ధతిలో వాదన చెల్లుతుంది, రెండో ఆధారవాక్యం అబద్ధం కాబట్టి దృఢమైనది కాదు. ఆ కొండ మీద నిజంగా నిప్పు ఉందో లేదో ఈ వాదన వల్ల మాత్రం ఏమీ తేలలేదు, మంచు వెనుక ఎవరైనా చలిమంట వేసుకుని ఉండవచ్చు కూడా.

శాస్త్రపాఠి:

సరిగ్గా రాశారు. ఆ చివరి వాక్యాన్ని పరీక్షలో కూడా వదలకుండా రాయండి.